ట్యాంకరు బోల్తా పడితే: ఫైరింజన్ వచ్చేలోపు డ్రైవరు, క్లీనరు ఏం చేయాలి?

జాతీయ రహదారి 16 మీదో, హైదరాబాద్–విజయవాడ దారిలోనో గ్యాసు బుల్లెట్టు (ఎల్పీజీ ట్యాంకరు), పెట్రోలు ట్యాంకరు, యాసిడ్ బండి ఏది పడిపోయినా ఫైరింజన్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, నలభై కూడా పట్టొచ్చు. అప్పటిదాకా ఆ సరుకు సంగతి తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరే: డ్రైవరు, క్లీనరు. ఈ వివరాలు ముఖ్యంగా వాళ్ల కోసం, వాళ్లను రోడ్డెక్కించే ఓనర్ల కోసం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకూ పనికొస్తాయి.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. లీకు ఆపడం మీ మొదటి పని కాదు. జనాన్ని దూరం పంపాలి, నిప్పును దూరం పెట్టాలి, బండిలో ఏముందో సరిగ్గా చెప్పాలి. ఈ మూడూ అయ్యాకే నాలుగోది. చాలా ప్రమాదాల్లో ఈ వరుస తిరగబడుతుంది: ముందు వాల్వు తిప్పబోతారు, ఆ తర్వాత జనం పోగవుతారు, అంటుకున్నాక ఫోను చేస్తారు.

1. బండి కదలక ముందే చూసుకోవాల్సినవి

బండికి రెండు పక్కలా, వెనకా కలిపి మూడు చోట్ల ప్రమాద సమాచార పలక ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 134వ నిబంధన చెబుతుంది. సరుకు సరైన పేరు, ఫోను నంబర్లు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో, సరుకును గుర్తించే నాలుగంకెల యూఎన్ నంబరు కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తున, ప్రమాద గుర్తు కనీసం 250 మిల్లీమీటర్ల చదరంలో ఉండాలి. ఇంత పెద్దగా ఎందుకంటే, దాన్ని చదవాల్సినవాడు దగ్గరికి రాకూడదు కాబట్టి. దుమ్ము పట్టి, రంగు వెలిసి, పక్కన కట్టిన తాడు కింద సగం దాగిన పలక ఉన్నా లేనట్టే. లోడు ఎక్కించుకున్న రోజు తడిగుడ్డతో తుడవండి. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది: నిన్నటి సరుకు పలకతో ఇవాళ్టి సరుకు తోలడం. సల్ఫ్యూరిక్ యాసిడ్ అని రాసి లోపల కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) ఉంటే, వచ్చిన ఫైర్ సిబ్బంది వేసే ప్రతి అడుగూ తప్పే అవుతుంది.

పలక మీద హాజ్‌కెమ్ కోడ్ (ప్రమాదంలో ఏం చేయాలో ఒక అంకె, ఒకటి రెండు అక్షరాల్లో చెప్పే గుర్తు) ఉంటే అది చదవడం నేర్చుకోండి, పది నిమిషాల పని. మొదటి అంకె మంట మీద ఏం వాడాలో చెబుతుంది: 1 అంటే పెద్ద చుక్కల నీటి తుంపర, 2 అంటే సన్నని తుంపర, 3 అంటే ఫోమ్, 4 అంటే పొడి పదార్థం, అంటే నీళ్లు తగలనివ్వకూడదు. అంకె ముందు చుక్క ఉంటే మామూలు ఫోమ్ పనిచేయదు, ఆల్కహాలుకు తట్టుకునే ఫోమ్ కావాలి. తర్వాతి అక్షరం పి, ఆర్, ఎస్, టిలలో ఒకటైతే ఒలికినదాన్ని ఎక్కువ నీళ్లతో పలుచన చేసి కడగొచ్చు. డబ్ల్యూ, ఎక్స్, వై, జడ్ అయితే కడగకూడదు, మోరీలోకి, కాలవలోకి పోకుండా కట్ట వేయాలి. వీటిలో పి, ఎస్, డబ్ల్యూ, వై ఉంటే తీవ్రంగా చర్య జరిగి పేలే ప్రమాదముంది. పి, ఆర్, డబ్ల్యూ, ఎక్స్ ఉంటే ఒళ్లంతా కప్పే రసాయన సూటు లేకుండా దగ్గరికి పోకూడదు. చివర ‘ఈ’ (E) అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. పెట్రోలుకు 3వైఈ, క్లోరిన్‌కు 2ఎక్స్ఈ, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 2పి. ఇప్పుడు ఈ మూడూ మీరే విప్పి చదవగలరు.

క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు ఉండాలి. సరుకు స్వభావం, ఏ గుడ్డలు వేసుకోవాలి, ఒలికితే ఏం చేయాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి అన్నీ అందులో ఉంటాయి. సరుకు పంపేవాళ్లు ఇవ్వాల్సిన కాగితమిది. ఇవ్వకపోతే గేటు దాటొద్దు. డ్రైవరుకు వచ్చిన భాషలో ఉందో లేదో చూడండి; బిహార్ డ్రైవరు చేతిలో ఇంగ్లీషు కార్డు ఉంటే అది చెకింగు కోసమే తప్ప ప్రమాదం కోసం కాదు. డోరు అరలో పెట్టండి, సీటు కింద కాదు. ఫొటో తీసి క్లీనరు ఫోనులో, ఓనరు ఫోనులో కూడా ఉంచండి. ప్రమాదకర సరుకు తోలే డ్రైవరుకు 9వ నిబంధన ప్రకారం ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద ఎండార్స్‌మెంటు ఉండాలి. 2019 సవరణ తర్వాత ఆ లైసెన్సు గడువు మూడేళ్లు.

సామాను విషయంలో జాబితా కన్నా దాని స్థితి ముఖ్యం. పది కిలోల డ్రై కెమికల్ పౌడరు సిలిండరు బయట బిగించి, చిన్నదొకటి క్యాబిన్‌లో చేతికందేట్టు ఉండాలి. రోడ్డు కుదుపులకు పౌడరు అడుగున గట్టిపడుతుంది. మీటరు పచ్చలోనే ఉంటుంది కానీ నొక్కితే గ్యాసే వస్తుంది. నెలకోసారి దింపి తలకిందులు చేసి కదిలించండి. టైర్ల కింద పెట్టే దిమ్మలు, పొడి ఇసుక, పార, గోనె సంచులు, ఇత్తడి లేదా నిప్పురవ్వలు రాని లోహపు స్పానర్లు, సుత్తి, చెక్క మేకులు, ఎం-సీల్, ఓ బార్ సబ్బు, గ్యాసులో వాడదగ్గ టార్చి, పీవీసీ గ్లౌజులు, కళ్లజోడు, కనీసం పది లీటర్ల మంచినీళ్లు ఉండాలి. అమ్మోనియా, క్లోరిన్ లాంటి విషవాయువులైతే ఇద్దరికీ చెరో తప్పించుకునే మాస్కు. డబ్బా మీది గడువు తేదీ చూడండి. ఆ మాస్కు మీరు బయటపడటానికి, తిరిగి లోపలికి పోయి వాల్వు కట్టడానికి కాదు.

లోడింగు అయ్యాక వాల్వులన్నీ మూసి, మూతలు బిగించి, వాల్వు పెట్టె తలుపు వేశారో లేదో చూసుకోండి. గ్యాసు బుల్లెట్టులో ట్యాంకు లోపలే మూసుకునే వాల్వు ఉంటుంది. అది మూసి ఉంటే బయటి పైపు విరిగినా లోపలి సరుకు చాలావరకు ఆగుతుంది. బయటి వాల్వు మూసి లోపలిది తెరిచి తోలితే గుద్దుడుకు పైపు విరిగినప్పుడు ఆపేదేదీ ఉండదు. ఎమర్జెన్సీ షటాఫ్ మీట ఎక్కడుందో యార్డులోనే క్లీనరు చేత ఒకసారి లాగించి చూడండి. చీకట్లో, గాబరాలో వెతుక్కునేది కాదది.

2. ఆగిన క్షణం నుంచి రెండు నిమిషాలు

బండి నిలబడే ఉంటే హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపి, బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్ చేయండి. ఇవన్నీ గ్యాసు ఇంకా చుట్టూ పరచుకోనప్పుడు మాత్రమే. అప్పటికే బుస వినిపిస్తూ తెల్లటి మంచు బండిని కమ్మేసి ఉంటే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. స్విచ్ నొక్కినప్పుడు పుట్టే చిన్న రవ్వ చాలు. అలాగే మళ్లీ స్టార్ట్ చేసి పక్కకు తీద్దామనుకోవద్దు. డీజిల్ ఇంజిను గాలితోపాటు గ్యాసునూ పీల్చుకుంటే తాళం తీసినా ఆగకుండా విపరీతంగా తిరుగుతుంది. అదే నిప్పు.

ట్రెమ్ కార్డు, ఫోను తీసుకుని దిగండి. బ్యాగు, బట్టలు, డబ్బు వెనక్కి వెళ్లి తెచ్చుకునేంత విలువైనవి కావు. దిగగానే ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకుని గాయాలు చూసుకోండి. నడవలేని మనిషిని లాగి అయినా గాలి వచ్చే వైపుకు తీసుకెళ్లండి.

గాలి ఎటు నుంచి వస్తుందో ఎలా తెలుసుకోవాలి? కాస్త దుమ్ము చేతిలోంచి వదలండి, రోడ్డు పక్క గడ్డి, జెండా, దూరపు పొగ చూడండి. గాలి ముఖానికి కొట్టేలా, బండి మీ వీపు వెనక ఉండేలా నడవండి. ఎల్పీజీ, క్లోరిన్, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పల్లంలో, కల్వర్టు కింద, మోరీలో, పొలం గట్ల మధ్య నిలుస్తాయి. కాబట్టి మెరక వైపు వెళ్లండి. గాలి, మెరక ఒకే వైపు కుదరకపోతే గాలినే నమ్మండి. ఇప్పటికే గ్యాసు మబ్బులో చిక్కుకున్నవాళ్లు గాలికి అడ్డంగా, అంటే పక్కకు నడిచి బయటపడాలి. గాలితోపాటు పరిగెత్తితే మబ్బు కూడా మీతోనే వస్తుంది.

3. ఎంత దూరం?

అమెరికా, కెనడా, మెక్సికో కలిసి ప్రచురించే ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్ చెప్పే దూరాలు ప్రపంచమంతా వాడతారు. మన రోడ్లకూ అవే పనికొస్తాయి.

ఎల్పీజీ లీకైతే ముందుగా అన్ని వైపులా 100 మీటర్లు, పెద్ద లీకైతే గాలి పోయే వైపు 800 మీటర్లు. బుల్లెట్టుకు మంట తగిలితే అన్ని వైపులా 1600 మీటర్లు. పెట్రోలు ఒలికితే 50 మీటర్లు, చాలా ఒలికితే గాలి పోయే వైపు 300. ట్యాంకు మంటల్లో ఉంటే 800. క్లోరిన్, అమ్మోనియా అయితే మొదట 100 మీటర్లు, లీకు పెద్దదైతే గాలి పోయే వైపు ఊళ్లు కిలోమీటర్ల మేర ఖాళీ చేయాల్సి రావచ్చు. రాత్రిపూట, గాలి లేని తెల్లవారుజామున ఇంకా ఎక్కువ, ఎందుకంటే విషవాయువు పైకి లేవకుండా నేలను పట్టుకుని ఉంటుంది. యాసిడ్‌కు 50 మీటర్లు.

వంద మీటర్లంటే ఎంత? హైవే మీద రెండు వందల మీటర్లకొకటి చిన్న రాయి ఉంటుంది, అందులో సగం. మామూలు మనిషి నిమిషానికి కాస్త పైగా నడిస్తే వంద మీటర్లు వస్తుంది.

4. ఫోను: ఎవరికి, ఏం చెప్పాలి

మబ్బు బయటికి వచ్చాకే ఫోను తీయండి. మొదట 112. ఆపైన ఫైరుకు 101, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి అయితే 1033, ఎల్పీజీ అయితే 1906. కరెంటు తీగలు పైన ఉన్నా, స్తంభం విరిగినా 1912 కు చెప్పి లైను ఆపించండి. పలక మీదున్న కంపెనీ నంబరుకు చేయడం మరవొద్దు. ఎల్పీజీ బాట్లింగు ప్లాంట్లలో ఇలాంటి ప్రమాదాల కోసం సామాను, శిక్షణ ఉన్న మనుషులతో ఎమర్జెన్సీ రెస్క్యూ వెహికిల్ ఉంటుంది. దాన్ని కదిలించేది మీ ఫోనే.

చెప్పేటప్పుడు ఇలా ఉండాలి:

“ఎన్‌హెచ్ 16, విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే వైపు, ఫలానా కిలోమీటరు రాయి. ఎల్పీజీ బుల్లెట్టు, యూఎన్ నంబరు 1075, లోడు 18 టన్నులు. బండి ఎడమ పక్కకు పడింది. మంట లేదు. వెనక వాల్వు పెట్టె దగ్గర బుసకొడుతూ తెల్లటి పొగ వస్తోంది. గాలి తూర్పున ఉన్న ఊరి వైపు వీస్తోంది. క్లీనరుకు కాలు విరిగింది, దూరంగా కూర్చోబెట్టాం. పైన కరెంటు తీగలున్నాయి. మీరు విజయవాడ వైపు నుంచి రండి.”

ఆఖరి వాక్యం చాలామంది వదిలేస్తారు. గాలి పోయే వైపు నుంచి వచ్చిన ఫైరింజన్ నేరుగా మబ్బులోకి దూరుతుంది, దాని ఇంజినే మంట పెడుతుంది. “గ్యాసు బండి పడింది, త్వరగా రండి” అని పెట్టేస్తే అవతలివాళ్లు ఫోమ్ తేవాలో, తుంపర నాజిలు తేవాలో, శ్వాస పరికరాలు ఎన్ని తేవాలో తేల్చుకోలేరు.

జనం కొడతారన్న భయంతో డ్రైవరు పారిపోవడం మన దారుల్లో మామూలే. ఆ భయం అర్థమయ్యేదే. కానీ పోయేముందు 112 కు సరుకు పేరు, యూఎన్ నంబరు చెప్పి పొండి, ట్రెమ్ కార్డు చేత్తో పట్టుకుని దగ్గరి పోలీసు స్టేషనుకే పొండి. వెంటనే పోలీసు స్టేషనుకు, ఓనరుకు తెలియజేయాలని 136వ నిబంధన కూడా చెబుతుంది. అలా చేసినవాడు పారిపోయినట్టు కాదు, కబురు అందించినట్టు.

5. ట్రాఫిక్‌ను, జనాన్ని ఆపడం

ఇద్దరుంటే ఒకరు ఫోను, ఒకరు రోడ్డు. వెనక వచ్చే బండ్లను మబ్బు అంచుకు చాలా ముందే ఆపండి. ఆపి ఊరుకుంటే సరిపోదు, “ఇంజిను ఆపండి, సిగరెట్ ఆర్పండి, వెనక్కి నడవండి” అని చెప్పాలి. హైవే మీద ఆగిన బండ్ల వరుస మబ్బు కిందికే పాకుతుంది. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ శివార్లలోని భాంక్రోటా దగ్గర యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకరును లారీ గుద్దింది. నాజిళ్లు విరిగి గ్యాసు రోడ్డంతా పరచుకుంది, అంటుకునేసరికి చుట్టూ ఉన్న పదుల కొద్దీ బండ్లు తగలబడ్డాయి. కాగడాలు, మండే సిగ్నళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చెట్టు కొమ్మలు, రిఫ్లెక్టరు త్రికోణాలు, ఎర్రగుడ్డ చాలు.

గాలి పోయే వైపు ఊరుంటే మైకున్న గుడికో మసీదుకో చర్చికో కబురు పంపండి, పంచాయతీవాళ్లకు ఫోను చేయించండి. ఎల్పీజీకి చెప్పాల్సింది: పొయ్యిలు ఆర్పండి, స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు, బండ్లు స్టార్ట్ చేయొద్దు, నడిచి గాలికి అడ్డంగా వెళ్లండి. అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని ‘నగరం’ అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున అంటుకున్నది ట్యాంకరు కాదు, పైపులైను గ్యాసు. అయినా పాఠం ఒకటే: రాత్రంతా పేరుకున్న గ్యాసు ఉదయం తొలి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. టీ కొట్లు, హోటళ్లు ముందు ఆర్పించండి. క్లోరిన్, అమ్మోనియాకు మాట మారుతుంది: మబ్బు చేరకముందే వెళ్లగలిగితే వెళ్లండి; చేరిపోతే లోపలికి పోయి తలుపులు, కిటికీలు మూసి, కూలర్లు, ఏసీలు ఆపి, సందుల్లో తడిగుడ్డ దూర్చి పై అంతస్తులో ఉండండి.

పెట్రోలు ట్యాంకరు పడితే జనం బిందెలతో, క్యాన్లతో వస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు, పోలీసులు వచ్చేదాకా గట్టిగా అరుస్తూ అడ్డంగా నిలబడటమే. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ జిల్లా అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర ఒలికిన పెట్రోలు పట్టుకుంటున్న జనం మధ్య ట్యాంకరు అంటుకుని రెండు వందల మందికి పైగా చనిపోయారు.

6. సరుకును బట్టి

*ఎల్పీజీ.* ద్రవం ఒక లీటరు బయటికొస్తే దాదాపు 250 లీటర్ల గ్యాసవుతుంది. గాలిలో 2 శాతం లోపే కలిసినా అంటుకుంటుంది కాబట్టి ఒక్క లీటరు ద్రవం 12 వేల లీటర్లకు పైగా గాలిని మండేలా చేయగలదు. కనిపించే తెల్లటి మంచు గ్యాసు కాదు, చల్లదనానికి గడ్డకట్టిన గాలిలోని తేమ. మండే హద్దు ఆ తెలుపుకు బయట కూడా ఉంటుంది. తెలుపు అంచు దగ్గర నిలబడి ఫొటో తీసేవాళ్లకు ఇది తెలియదు. 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలో కన్నూరు దగ్గరి ‘చాల’ అనే ఊళ్లో బోల్తా పడిన బుల్లెట్టు నుంచి గ్యాసు ఇళ్ల మధ్య పరచుకుని ఆ తర్వాత అంటుకుంది. ఇరవై మంది పోయారు.

మంట లేని లీకు అయితే: ఎమర్జెన్సీ షటాఫ్ మీట మబ్బులోకి పోకుండా అందితే లాగండి. పైపు చివర సన్నటి ద్రవపు లీకు మీద తడి గోనెపట్టా చుడితే చల్లదనానికి నీరు మంచుగడ్డయి కాసేపు అడ్డుపడుతుంది. కానీ ఇది శిక్షణ ఉన్నవాళ్లు, తుంపర కాపు కింద చేసే పని. చేత్తో పట్టుకుంటే చర్మం గడ్డకట్టి ఊడిపోతుంది.

మంట ఉన్న లీకు అయితే: లీకు ఆపే దారి లేకుండా మంట ఆర్పొద్దు. మండుతున్న గ్యాసు కనీసం ఎక్కడ మండుతుందో కనిపిస్తుంది. ఆరిపోయిన గ్యాసు కనబడకుండా ఊరి మీదికి పోతుంది. ప్రమాదం ఎప్పుడంటే ఆ మంట ట్యాంకు గోడను తగులుతున్నప్పుడు. ద్రవం ఉన్నంత మేర ఉక్కు చల్లగా ఉంటుంది, ద్రవం పైన ఖాళీ ఉన్న చోట గోడ కాలి మెత్తబడి చీలుతుంది. సేఫ్టీ వాల్వు దీన్ని కాపాడలేదు. ఆ వాల్వు కూత అంతకంతకూ పెరుగుతున్నా, ట్యాంకు రంగు మారుతున్నా ఇక మాట్లాడకుండా పరుగే. భారీ మంట చుట్టుముడితే ఐదారు నిమిషాల్లోనే ట్యాంకు పగలొచ్చు, ముక్కలు వందల మీటర్లు ఎగురుతాయి. ట్యాంకు రెండు చివరల ఎదురుగా నిలబడకండి, పక్కలే క్షేమమనీ అనుకోకండి, దూరమే క్షేమం.

*పెట్రోలు, డీజిలు, ఇథనాల్.* సన్నటి పగులు అయితే బార్ సబ్బు గట్టిగా రుద్ది పూస్తే కాసేపు ఆగుతుంది, ఎం-సీల్ తడి మీద అంటదు. ఒలికింది మోరీలోకి పోకుండా ఇసుకతో, మట్టితో కట్ట వేయండి. మోరీలోకి పోయిన పెట్రోలు ఆవిరి రెండు వీధుల అవతల ఇంట్లో అంటుకోగలదు. పెట్రోలు మంట మీద నీటి ధార కొడితే మంట నీటి మీద తేలుతూ పరచుకుంటుంది. ఇప్పుడు ఈ దారుల్లో ఇథనాల్ బండ్లు పెరిగాయి. ఇథనాల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు. గాలిలో వేడి అలలు చూసి గుర్తుపట్టాలి. మామూలు ఫోమ్ దాని మీద విరిగిపోతుంది. 10 శాతం దాటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు యూఎన్ నంబరే వేరు, 3475. ఆ నంబరు చెబితే ఫైర్ సిబ్బంది సరైన ఫోమ్ తెస్తారు. ఇంకో మాట, ఖాళీ పెట్రోలు ట్యాంకరు నిండు ట్యాంకరు కన్నా ఎక్కువ పేలే స్వభావం కలది. లోపలంతా ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమే. ఖాళీ బండి కదా అని వెల్డింగు పెట్టినవాళ్లు ఎక్కువగా పోయింది ఇందుకే.

*అమ్మోనియా.* ఎరువుల కర్మాగారాలకు, ఐసు ఫ్యాక్టరీలకు, రొయ్యల ప్రాసెసింగు ప్లాంట్లకు పోయే సరుకు. గ్యాసుగా గాలి కన్నా తేలికే, కానీ ట్యాంకు నుంచి చల్లటి తుంపరలా వచ్చినప్పుడు నేలను పట్టుకుని పాకుతుంది. నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి గాలిలోని మబ్బును సన్నని తుంపరతో కట్టడి చేయొచ్చు. అయితే నేల మీద నిలిచిన ద్రవం మీద నీళ్లు పోయకండి; నీటి వేడికి అది మరింత ఉడికి ఇంకా ఎక్కువ మబ్బు లేస్తుంది.

*క్లోరిన్.* నీటి శుద్ధి కేంద్రాలకు పోయే 900 కిలోల టన్నర్లు (పెద్ద ఉక్కు సిలిండర్లు) ఇవి. లీకవుతున్న టన్నరు మీద నీళ్లు చల్లితే తడి క్లోరిన్ లోహాన్ని తిని రంధ్రం పెద్దదవుతుంది. చాలాచోట్ల జరిగే తప్పు ఇదే. లీకు ద్రవం వైపు ఉంటే శిక్షణ ఉన్నవాళ్లు టన్నరును దొర్లించి రంధ్రం పైకి వచ్చేలా చేస్తారు. అప్పుడు ద్రవం బదులు గ్యాసే వస్తుంది, పోయే సరుకు ఎన్నో రెట్లు తగ్గుతుంది. టన్నరుకు ఉండే ఫ్యూజిబుల్ ప్లగ్గులు 70 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతాయి, అందుకే పక్క మంటలో టన్నరు చిక్కితే దాన్ని వెలుపలికి తీసే అవకాశం ఉందా అన్నది ఫైర్ సిబ్బందికి మొదట చెప్పండి. లీకు కట్టే సామాను ‘బి’ కిట్ అంటారు, టన్నర్ల కోసమే చేసింది. అది సరఫరాదారు దగ్గర దొరుకుతుంది.

*సల్ఫ్యూరిక్ యాసిడ్.* కొద్దిగా నీళ్లు పోయడమే అన్నిటికన్నా చెడ్డ పని, మరిగి చిమ్ముతుంది. పొడి ఇసుకతో, మట్టితో కట్ట వేయండి. రంపపు పొట్టు, ఊక వద్దు, మాడి వేడెక్కుతాయి. లోహాలతో కలిస్తే హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఇక్కడా నిప్పు దూరం. సున్నం, సోడా వేసి విరిచే పని కంపెనీవాళ్లు వచ్చాకే.

7. టైరు మంట

ట్యాంకు మంట కొన్నిసార్లు టైరు మంటతోనే మొదలవుతుంది. పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన జంట టైరు గంట సేపు రాసుకుని అంటుకుంటాయి. పౌడరు మంటను ఆర్పుతుంది కానీ రబ్బరు లోపల వేడి అలాగే ఉండి పావుగంటలో మళ్లీ అంటుకుంటుంది. పౌడరు కొట్టాక నీళ్లు బాగా పోసి, చేతికి వేడి తగలనంత వరకు చూస్తూ ఉండండి. టైరు పక్క గోడ వైపు నిలబడొద్దు, పేలితే ఆ వైపే కొడుతుంది; ముందు నుంచో వెనక నుంచో కొట్టండి.

8. ఒంటి మీద పడితే, పీల్చితే

యాసిడ్, కాస్టిక్, అమ్మోనియా ద్రవం పడితే గుడ్డలు విప్పి, ధారగా నీళ్లు 15 నుంచి 20 నిమిషాలు. కళ్లకు కూడా అంతే, రెప్పలు తెరిచి పట్టి. సోడా, నిమ్మరసం, పాలు, పసుపు ఏవీ వద్దు. ఎల్పీజీ ద్రవం పడి గుడ్డ చర్మానికి అతుక్కుంటే లాగొద్దు, రుద్దొద్దు, గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఆసుపత్రికి. పెట్రోలు మింగితే వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

క్లోరిన్, అమ్మోనియా పీల్చినవాళ్లు గంటకే “బాగానే ఉంది” అంటారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం చాలా గంటల తర్వాత మొదలవ్వచ్చు. నడిచి పోనివ్వకండి, మంచం మీద పడుకోబెట్టి ఆసుపత్రికి పంపి, ఆ రాత్రంతా వైద్యుల కంటి కింద ఉంచండి. ట్రెమ్ కార్డు ఫొటో డాక్టరుకు చూపించండి.

9. క్రేను వచ్చాక

రోడ్డు త్వరగా తెరవాలన్న తొందరలో నిండు ట్యాంకరును అలాగే క్రేనుతో లేపిస్తారు. రెండో ప్రమాదం ఇక్కడే. గొలుసు ట్యాంకు మీద రాసుకుంటే రవ్వలు, జారిపడితే వాల్వు పెట్టె నేలకు కొట్టుకుంటుంది, చాసిస్ నుంచి ట్యాంకు ఊడిపోతుంది. కంపెనీవాళ్లు వచ్చి చూసేదాకా లేపనివ్వకండి. ట్యాంకు దెబ్బతిన్నదో, లేపడానికి తట్టుకుంటుందో చెప్పాల్సింది వాళ్లే. సాధ్యమైనప్పుడల్లా ముందు సరుకును ఇంకో ట్యాంకరులోకి మార్చాలి. రెండు బండ్లనూ తీగతో కలిపి, భూమికి ఎర్తు చేశాకే పైపు తగిలించాలి. గ్యాసు కొలిచే పరికరంతో చుట్టూ, ముఖ్యంగా పల్లంలో, మోరీల్లో చూసి గ్యాసు లేదని తేలాకే క్రేను ఇంజిను స్టార్ట్ చేయాలి. పైన కరెంటు తీగలుంటే లైను ఆపినట్టు లైన్‌మన్ నోటితో వినాలి, ఎవరో అన్నారని కాదు.

బండి తీశాక ఒలికిన చోటి ఇసుక, మట్టి, గోనె సంచులు రోడ్డు పక్క పోసి పోకూడదు, కంపెనీవాళ్లు తీసుకెళ్లాలి. యాసిడ్ పడిన షూలు, గ్లౌజులు క్యాబిన్‌లో పెట్టుకుని ఇంటికి వెళ్లకండి. బండి మళ్లీ లోడుకు పోవాలంటే ట్యాంకును, వాల్వులను పరీక్షించి సర్టిఫికెట్టు ఇవ్వాలి. బయటికి కనిపించని పగులు తర్వాతి లోడులో తెరుచుకుంటుంది.